ఉపన్యాసమూ, పుస్తకాల బీరువా



హైస్కూలు చదివే పిల్లలున్న ఇళ్ళలో ఏడాదికొకసారైనా ఈ ముచ్చట తప్పదు. సాయంత్రం నాలుగున్నరకు బళ్ళోంచి వచ్చి, సంచీ మంచం మీద పడేసి, "అమ్మా, సోమవారం వక్తృత్వపు పోటీ. నాకు ఉపన్యాసం రాసిపెట్టవూ?" అంటారు. పొయ్యి మీది పాలు పొంగకుండా చూసుకుంటూ, "దేనిమీదే?" అంటాం మనం. వాళ్ళేదో పెద్ద విషయమే చెబుతారు. మనదీ ఒకప్పుడు తెలుగు వ్యాసాలకు మంచి మార్కులు తెచ్చుకున్న చెయ్యే కదా! రాత్రి భోజనాలయ్యాక కూర్చుని రెండు పేజీలు నింపేసి, పొద్దున్నే పిల్ల చేతిలో పెట్టి, "బట్టీ పట్టు" అంటాం.

నేనూ అలా రాసిచ్చినదాన్నే. అప్పుడు మా అమ్మాయి ఏడో తరగతి. విషయం పరిశుభ్రత. నేను రాసిన మొదటి వాక్యమే ఆరు పంక్తులు వచ్చింది. పిల్ల నాలుగు రోజులపాటు జడ వేయించుకుంటూ, అన్నం తింటూ వల్లె వేసింది. తీరా వేదిక ఎక్కాక నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయింది. ముందు వరుసలో కూర్చున్న నా వంక చూసింది. నేను పెదవులు కదిపి మాట అందించబోయాను. అది చూసి పక్కవాళ్ళు నవ్వారు. పిల్ల దిగి వచ్చేసింది. ఇంటికొచ్చాక ఏడవలేదు గాని ఒక్క మాట అంది: "అవన్నీ నీ మాటలమ్మా. నాకేమైనా తెలిస్తే కదా, మరిచిపోయినప్పుడు సొంతంగా చెప్పడానికి!"

ఆ రోజే ఇంకో తమాషా కూడా చూశాను. వేరే వేరే క్లాసుల పిల్లలు ముగ్గురు సరిగ్గా ఒకే వాక్యంతో మొదలుపెట్టారు. ముగ్గురి ఇళ్ళలోనూ ఫోనులో ఒకే చోట వెదికి ఉంటారు. అమ్మ రాసిచ్చినా, ఫోను రాసిచ్చినా పిల్లకు మిగిలేది బట్టీయే.

ఈ జనవరిలో మళ్ళీ పోటీ వచ్చింది. మా అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. జనవరి 24న జాతీయ బాలికా దినోత్సవం కదా, ఆ రోజున తల్లిదండ్రులను పిలిచి సభ పెడతారట. ఐదు నిమిషాలు మాట్లాడాలి. విషయం, ఆడపిల్లకు పద్దెనిమిదేళ్ళు నిండకుండా పెళ్ళి చేయరాదని. నేను ఈసారి కాగితం తీయలేదు. "నువ్వే రాయి, నేను పక్కన కూర్చుంటాను" అన్నాను. పిల్ల మొహం ముడుచుకుంది. కాసేపటికి అసలు సంగతి చెప్పింది. వాళ్ళ క్లాసులోనే ఒక పిల్లకు సంబంధం చూస్తున్నారట. ఆ పిల్ల తల్లీ తండ్రీ కూడా ఆ సభకు వస్తారట.

దాంతో అది ఉత్త పోటీ కాకుండా పోయింది.

ఉపన్యాసాల్లో రెండు రకాలున్నాయి. దీపావళి గురించి చెప్పమంటే నాలుగు సంగతులు అందంగా చెప్పి దిగవచ్చు. విన్నవాళ్ళు చప్పట్లు కొడతారు, ఇంటికి వెళతారు, అంతే. ఇది అలాంటిది కాదు. ఒక అభిప్రాయంతో వచ్చి కూర్చున్న మనిషిని, ఆ అభిప్రాయం నుంచి కాస్త కదిలించాలి. అందుకని ముందు ఆ మనిషి ఏమనుకుంటున్నాడో మనకు తెలియాలి. "ఎవరిని ఒప్పించాలే నువ్వు?" అని అడిగితే మా అమ్మాయి ఠక్కున "జడ్జీలను" అంది. పిల్లలంతా అలాగే అనుకుంటారు. జడ్జీలు ఎలాగూ ఒప్పుకునే వస్తారు, వాళ్ళను ఒప్పించేదేముంది? వెనక బల్లల మీద కూర్చునే అమ్మలనూ నాన్నలనూ కదా ఒప్పించాల్సింది!

వాళ్ళేమంటారో తెలుసుకోవడానికి మేం ఎక్కడికీ పోనక్కరలేకపోయింది. మా అత్తయ్యగారు వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. విషయం విని, "నాకు పదమూడో ఏట పెళ్ళయింది. నేను బతకలేదూ? మీ నాన్నను కని పెంచలేదూ?" అన్నారు. మా అమ్మాయి, "అది తప్పు మామ్మా" అనేసింది. ఆవిడ ఇంకేమీ అనలేదు. చేతిలో చిక్కుడుకాయ వంకే చూస్తూ ఉండిపోయారు.

తర్వాత పిల్లతో అన్నాను, "చూశావా, నువ్వన్నది నిజమే కావచ్చు, కానీ మామ్మ ఒప్పుకుందా?" అని. అలా మొదలైంది మా వెదుకులాట. ముందుగా ఒక కాగితం మీద మాకు తెలియని ప్రశ్నలు రాసుకున్నాం. చట్టంలో వయసు ఎంత, అది ఎప్పటినుంచి? పూర్వం ఎంత చిన్న వయసులో చేసేవారు? ఇప్పుడూ జరుగుతున్నాయా, లేక ఇది పాతకాలపు గొడవేనా? పిల్ల ఒంటికి వచ్చే నష్టం ఏమిటి? తెలిసినవి రాసుకోవడం అందరూ చేస్తారు. ఏది తెలియదో రాసుకుంటేనే గ్రంథాలయంలో పని తేలిక.

బడిలో గ్రంథాలయం అంటే మీరు పెద్ద హాలు ఊహించుకోకండి. స్టాఫ్ రూము పక్కన ఒక గది, రెండు అద్దాల బీరువాలు, ఒక ఇనప బీరువా, పొడుగాటి బల్ల. తాళంచెవి తెలుగు టీచరుగారి దగ్గర. ముందే అడిగి ఒక శనివారం మధ్యాహ్నం నేనూ వెళ్ళాను. ఆవిడ ఎంతో సంతోషించారు. "పిల్లలు కథల పుస్తకాలకు వస్తారు గాని, ఫలానా సంగతి కావాలి అని అడిగి వచ్చేవాళ్ళు ఏడాదికి ముగ్గురు ఉండరండీ" అన్నారు.

పెద్ద గ్రంథాలయాల్లో పుస్తకాలకు అంకెలు వేసి వరసగా పెడతారు. డ్యూయీ అనే అమెరికా ఆయన 1876లో పెట్టిన పద్ధతి అది. 300 అంకె నుంచి సంఘానికి సంబంధించినవి, 600 నుంచి వైద్యం లాంటివి, 800 నుంచి సాహిత్యం, 900 నుంచి చరిత్ర, భూగోళం. మన బళ్ళలో చాలాచోట్ల అంత ఏర్పాటు ఉండదు. స్టాకు రిజిస్టరు ఒకటి ఉంటుంది, కొన్న పుస్తకాలన్నీ కొన్న వరసలో రాసి ఉంటాయి. మాకు అదే దిక్కయింది.

రిజిస్టరులో మా అమ్మాయి "పెళ్ళి" అనే మాట కోసం వెదికింది. ఒక నాటకం, రెండు నవలలు కనపడ్డాయి, అంతే. "ఏమీ లేవమ్మా" అంది. ఇక్కడే చాలామంది పిల్లలు వెనక్కి వచ్చేస్తారు. మనకు కావలసిన సంగతి, మనం అనుకున్న పేరుతోనే పుస్తకం అట్ట మీద ఉండాలని ఎక్కడా లేదు కదా. పప్పుల డబ్బాలో లేదని ఊరుకుంటామా, పోపుల పెట్టెలో చూడమూ? అలాగే స్త్రీలు, సంఘ సంస్కరణ, చట్టం, జనాభా, ఆరోగ్యం, జీవిత చరిత్రలు అని మాటలు మార్చి వెదికితే తొమ్మిది పుస్తకాలు దొరికాయి. టీచరుగారు బల్లమీద వరసగా పేర్చారు. "ఇవన్నీ చదవాలా!" అని పిల్ల గుండె జారిపోయింది.

అన్నీ చదవనక్కరలేదు. ముందు విషయసూచిక చూడాలి. కొన్ని పుస్తకాలకు చివర అకారాదిగా పదసూచిక కూడా ఉంటుంది. అందులో "బాల్య వివాహాలు" పక్కన పేజీ నంబరు ఇచ్చేస్తారు. నేరుగా ఆ పేజీకి వెళ్ళి, ముందు పేజీ, వెనక పేజీ కూడా చదివితే చాలు. పుస్తకానికి ముందుమాట ఉంటే మాత్రం వదలకూడదు. అది ఎందుకో కాసేపట్లో చెబుతాను.

గంటసేపటికి మా పిల్ల తల పట్టుకుంది. చట్టంలో ఆడపిల్ల పెళ్ళి వయసు ఎంత అన్న ఒక్క ప్రశ్నకు నాలుగు జవాబులు దొరికాయి మరి. ఒక చరిత్ర పుస్తకంలో 14 అని ఉంది. పాత జనరల్ నాలెడ్జి పుస్తకంలో 15. వాళ్ళ సాంఘికశాస్త్రం పుస్తకంలో 18. టీచరుగారు అట్టకు అంటించి దాచిన పత్రికల ముక్కల్లో ఒకదానిలో 21. "ఇన్ని అబద్ధాలు అచ్చేస్తారా?" అంది.

నేనూ పండితురాలిలా మధ్యలో దూరి, "శారదా చట్టం వచ్చినప్పటినుంచీ పద్దెనిమిదే" అన్నాను. అదీ తప్పేనని తేలింది. మీతో చెప్పడానికి సిగ్గేముంది, నేను చాలాకాలం శారద అనే ఆవిడెవరో పోరాడి తెచ్చిన చట్టం అనుకునేదాన్ని. హరబిలాస్ శారదా అనే ఆయన కేంద్ర శాసనసభలో బిల్లు పెట్టారు కనుక ఆ పేరు వచ్చింది.

చిక్కుముడి విప్పింది టీచరుగారు. ప్రతి పుస్తకంలోనూ పేరు అచ్చువేసిన మొదటి పేజీ తిప్పి, వెనక చూడమన్నారు. ఏ సంవత్సరం అచ్చయిందో అక్కడ ఉంటుంది. మనం మందు సీసా మీద తేదీ చూస్తాం, బ్రెడ్డు పొట్లం మీద చూస్తాం, పుస్తకం మీద చూడం! 15 అన్న జనరల్ నాలెడ్జి పుస్తకం 1974లో అచ్చయింది. ఆ ఏటికి అది నిజమే. వరసగా పెట్టుకుంటే కథ ఇదీ. 1929లో వచ్చిన శారదా చట్టం 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది, దానిలో ఆడపిల్లకు 14, మగపిల్లవాడికి 18. 1949లో ఆడపిల్లకు 15 చేశారు. 1978లో ఆడపిల్లకు 18, మగవాడికి 21 అయింది. 2006లో పాత చట్టం తీసేసి, బాల్య వివాహాల నిషేధ చట్టం అని కొత్తది చేశారు. వయసు మాత్రం అదే ఉంచారు. మరి పత్రికలో 21 అని ఉన్నదేమిటి? 2021 డిసెంబరులో ఆడపిల్లకు కూడా 21 చేయాలని లోక్‌సభలో బిల్లు పెట్టారు. అది చట్టం కాకుండానే, 2024లో ఆ లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది. పత్రిక ముక్క రాసింది బిల్లు సంగతి. తొందరలో చదివితే చట్టం వచ్చేసిందనే అనుకుంటాం.

నాలుగు పుస్తకాలూ అబద్ధం చెప్పలేదు. ఏ కాలపుదో చూడకుండా చదివితే మనమే అబద్ధం చెప్పినవాళ్ళమవుతాం. అదే ఆ పిల్ల వేదిక మీద 21 అని ఉంటే ఏమయ్యేది? సభలో తెలిసినవాళ్ళు ఒక్కరు లేచి "కాదమ్మా, 18" అంటే చాలు, అంతవరకు చెప్పిందంతా కొట్టుకుపోయేది.

ఇక ముందుమాట సంగతి. బీరువాలో గురజాడవారి "కన్యాశుల్కం" ఉంది. గిరీశం, మధురవాణి మనందరికీ చుట్టాలే. నాటకం మొదటిసారి 1892లో ఆడారు, 1897లో అచ్చయింది. మొదటి కూర్పుకు గురజాడవారు ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు. దాని తెలుగు ఈ పుస్తకంలో ఉంది. నేను ఇన్నేళ్ళలో ఎన్నడూ చదివిన పాపాన పోలేదు. విజయనగరం మహారాజావారు విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన బ్రాహ్మణుల శుల్కపు పెళ్ళిళ్ళకు ఒక జాబితా తయారు చేయించారట. మొత్తం 1,034. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పసికందులకు పలికిన వెల ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు!

ఆ పేజీ దగ్గర మేం ముగ్గురం కాసేపు ఏమీ మాట్లాడుకోలేదు. ఏడాది పిల్లంటే ఇంకా తప్పటడుగులు వేస్తూ ఉంటుంది.

మా అమ్మాయి వెంటనే కలం తీసి, "ఆ రోజుల్లో 1,034 మంది పసిపిల్లలకు పెళ్ళిళ్ళు చేశారు" అని రాసింది. నేను చెయ్యి పట్టుకున్నాను. మళ్ళీ చదవమన్నాను. 1,034 అన్నది మొత్తం పెళ్ళిళ్ళు. ఐదేళ్ళూ అంతకు లోపు వాళ్ళు ఎంతమందో కూడమంటే 188 అని తేలింది. పైగా అది ఒక్క జిల్లా, ఒక్క కులంలో, డబ్బు పుచ్చుకుని చేసిన పెళ్ళిళ్ళ లెక్క. ఆంధ్రదేశం మొత్తానికి అంటగట్టకూడదు. "188 అంటే చిన్నదైపోతుందమ్మా" అంది నిరాశగా. చిన్నదా? 188 మంది పిల్లలంటే వాళ్ళ బడిలో ఐదు క్లాసుల మంది! అలా చెప్పమన్నాను. అంకె పెద్దది చేయనక్కరలేదు, వినేవాళ్ళ కంటికి కనపడేట్టు చేస్తే చాలు.

ఇప్పటి సంగతి పత్రికల ముక్కల్లోనే దొరికింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అని ప్రభుత్వం చేయిస్తుంది. 2019-21లో జరిగిన ఐదో సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలను అడిగితే, పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి 23.3 మంది. తెలంగాణలో 23.5. మన ఆంధ్రప్రదేశ్‌లో 29.3. నేను రెండుసార్లు చదివాను. పాతకాలపు గొడవ అనుకున్నాను గాని, కాదు. మనం నగరాల్లో ఉన్నాం, మన మేడల్లో ఇవి జరగవనుకుంటాం. మన ఇంట్లో అంట్లు తోమే ఆవిడ కూతురు ఏ క్లాసులో ఉందో మనలో ఎంతమందికి తెలుసు?

దీన్నీ జాగ్రత్తగానే చెప్పాలి. "మన రాష్ట్రంలో నూటికి ముప్ఫైమంది ఆడపిల్లలకు ఈ వేళ చిన్నతనంలో పెళ్ళిళ్ళవుతున్నాయి" అంటే తప్పు. సర్వే నాటికి ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళున్నవాళ్ళలో అంతమందికి, అంతకు కొన్నేళ్ళ ముందే అయ్యాయన్నమాట. పైగా చెవితో వినే మనిషికి 29.3 అంటే నిలవదు. "పదిమందిలో సుమారు ముగ్గురు" అంటే నిలుస్తుంది. పుస్తకంలో చదివేవాడైతే వెనక్కి తిప్పి చూసుకుంటాడు, సభలో వినేవాడికి ఆ వీలు లేదు. మాకు ఈ రేడియోవాళ్ళు మొదట నేర్పే పాఠం కూడా అదే సుమండీ.

దొరికినవన్నీ ఎక్కడ రాసుకోవాలి? నోటుపుస్తకంలో వరసగా రాసుకుంటే తర్వాత ముందువెనకలు మార్చడం కష్టం. చిన్న అట్టముక్కలైతే మంచిది. ఒక్కో అట్టమీద ఒక్క సంగతే రాయాలి. కింద పుస్తకం పేరు, రాసినవారు, అచ్చయిన ఏడు, పేజీ నంబరు వేయాలి. పుస్తకంలో మాటలు ఉన్నవి ఉన్నట్టు దించుకుంటే కొటేషను గుర్తులు పెట్టాలి, లేకపోతే అవి తన మాటలేనని పిల్లే మరిచిపోతుంది. అట్టల కోసం వెదుకుతుంటే అత్తయ్యగారు తన ట్రంకుపెట్టెలోంచి దారం కట్టిన పాత శుభలేఖల కట్ట తెచ్చి ఇచ్చారు. మంచి దళసరి కాగితం, వెనకంతా తెల్లగా ఉంది. పెళ్ళి ఉపన్యాసం శుభలేఖల వెనక!

ఆ రాత్రే పిల్ల ఇంకో లెక్క వేసింది. మామ్మ పుట్టింది 1955, పెళ్ళి 1968. అప్పటి చట్టం 15. "అమ్మా, మామ్మ పెళ్ళి చట్టానికి విరుద్ధం!" అంది, పెద్ద దొంగను పట్టుకున్నంత హుషారుగా. లెక్క సరైనదే. కానీ ఆ మాట ఆవిడతో అని ఏం సాధిస్తుంది? ఆ సభకు వచ్చే సగం మంది అమ్మమ్మలూ మామ్మలూ అలాంటివాళ్ళే. నువ్వు తప్పు, నీ పెళ్ళి తప్పు అని మొదలుపెడితే చెవులు మూసుకుంటారు. "ముందు మామ్మను అడుగు" అన్నాను.

అడిగింది. పెళ్ళినాటికి ఏ క్లాసు మామ్మా అని. ఏడు, అన్నారావిడ. లెక్కల్లో నూటికి తొంభై వచ్చేవట. ఆ సంగతి ఇరవై ఏళ్ళుగా కోడలిగా ఉన్న నాకే తెలియదు. మరెందుకు మానేశావు అంటే, "మానేయడమేమిటే, నన్ను ఎవరడిగారు?" అన్నారు. కాసేపాగి, "బతకడానికేం, బతికాను" అన్నారు.

ఆ ముక్క కూడా ఒక శుభలేఖ వెనక రాసుకుంది మా పిల్ల. పేజీ నంబరు చోట "మామ్మ" అని వేసింది. సభలో చెప్పనా అని అడిగితే, "చెప్పు, నా పేరు మాత్రం ఎత్తకు" అన్నారు.

మొత్తం ఇరవై మూడు అట్టలు తేలాయి. ఐదు నిమిషాల్లో ఇరవై మూడు సంగతులు చెబితే అది ఉపన్యాసం కాదు, జాబితా. నేల మీద పరిచి, ఏరివేయడం మొదలుపెట్టాం. పదిహేనూ పంతొమ్మిదేళ్ళ మధ్య ఆడపిల్లల మరణాలకు గర్భం, కాన్పుల్లో వచ్చే చిక్కులు ప్రపంచవ్యాప్తంగా ప్రధాన కారణాల్లో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఉంచాం. వీరేశలింగంగారు 1881 డిసెంబరులో రాజమండ్రిలో చేయించిన మొదటి వితంతు వివాహం గొప్పదే, కానీ దారి మళ్ళిస్తుందని తీసేశాం. తీసేయడానికి పిల్లకు ప్రాణం ఒప్పలేదు. కష్టపడి వెదికింది కదా! మనకూ అంతే, వండినవన్నీ వడ్డించాలనే ఉంటుంది.

ఒక అట్ట దగ్గర మాత్రం చాలాసేపు వాదించుకున్నాం. 2006 చట్టం ప్రకారం బాల్య వివాహం జరిపించినవారికి రెండేళ్ళ వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మా అమ్మాయికి అది మహాస్త్రంలా కనపడింది. నాకు నచ్చలేదు. భయపెట్టడం వేరు, ఒప్పించడం వేరు. భయపడినవాళ్ళు చాటుగా ఇంకో ఊళ్ళో గుళ్ళో చేసేస్తారు. చివరికి అదీ తీసేసి, పిల్లల సహాయానికి ఉన్న 1098 ఫోను నంబరు ఒక్కటి ఉంచింది. అది వినే అమ్మానాన్నల కోసం కాదు, వింటున్న పిల్లల కోసం.

ఎదుటివాళ్ళ వాదన ఏ పుస్తకంలోనూ సరిగా దొరకలేదు. దానికి వీధిలో అడిగాం. కాలం బాగాలేదు, వయసొచ్చిన పిల్లను ఇంట్లో ఉంచుకుంటే భయం అన్నారు కొందరు. ఎక్కువ చదివిస్తే అంతకు ఎక్కువ చదివిన వరుణ్ణి తేవాలి, కట్నం ఎక్కడినుంచి తెచ్చేది అన్నారు ఇంకొందరు. 1961 నుంచీ వరకట్న నిషేధ చట్టం ఉందని చెప్పి తప్పించుకోవచ్చు, కానీ ఆ తల్లి బాధ తీరుతుందా? "ఈ భయాలు ఉత్తవి కావు" అని ఒప్పుకునే మాట ఒకటి ఉపన్యాసంలో పెట్టింది మా అమ్మాయి. అది తనకు తానే రాసుకుంది. అలా ఒప్పుకున్నాకనే, చదువు మాన్పించినంత మాత్రాన ఆ భయాలు పోతాయా అని అడిగింది.

ఈసారి నా పని రెండే. గడియారం చూడటం, ఏదైనా చెప్పినప్పుడల్లా "ఏ పుస్తకంలో ఉంది?" అనడం. మూడోసారికి ఆరున్నర నిమిషాల నుంచి ఐదుకు దిగింది. బట్టీ పట్టలేదు. చేతిలో ఏడు అట్టలు పట్టుకుంది.

మీ పిల్లల బడిలో బీరువా తాళం తీయరంటారా? తల్లిదండ్రుల సమావేశంలో అడగండి. గ్రంథాలయ పీరియడ్లో లెక్కలు చెప్పేస్తుంటే అదీ అడగండి. అప్పటికీ కాకపోతే మీ పేటలో శాఖా గ్రంథాలయం ఉంటుంది. అక్కడ పాత పత్రికలు కట్టలు కట్టి ఉంటాయి. మనం కట్టే ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతూనే ఉన్నాం కనుక మొహమాటం అక్కరలేదు. ఫోనులో చూడవద్దని నేననను. చూసినా, ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అన్నవి రెండూ కనపడకపోతే ఆ సంగతి అట్ట మీదికి ఎక్కించవద్దు.

సభ రోజున మా అమ్మాయి, "నేను బతకలేదూ అని మా ఇంట్లో ఒకరు అడిగారు" అని మొదలుపెట్టింది. వెనక బల్లల మీద గుసగుసలు ఆగాయి. మధ్యలో ఒకచోట తడబడింది, అట్ట చూసుకుంది, మళ్ళీ అందుకుంది. "నన్ను ఎవరడిగారు" అన్న మాట దగ్గర నేను అత్తయ్యగారి వంక చూడలేదు. చివర ఒకే ఒక్కటి కోరింది. పద్దెనిమిది నిండేవరకు పిల్లను బడి మాన్పించవద్దని. రెండో బహుమతి వచ్చింది, ఒక స్టీలు గిన్నె.

సభ అయ్యాక ఎర్రంచు చీరె కట్టుకున్న ఒకావిడ మా దగ్గరికి వచ్చింది. ఆ క్లాసు పిల్ల తల్లట. "ఆ వయసు చట్టం కాగితం ఒకసారి ఇస్తావా అమ్మా, మా ఆయన నా మాట నమ్మడు. పుస్తకంలో ఉందంటే వింటాడేమో" అంది. మా అమ్మాయి ఆ శుభలేఖ ఇచ్చేయబోయి, ఆగి, అచ్చయిన ఏడూ పేజీ నంబరూ సరిగా ఉన్నాయో లేదో చూసుకుని మరీ ఇచ్చింది.

జూన్‌లో బడి తెరిచాక ఆ పిల్ల పదో తరగతిలో కూర్చుందని చెప్పింది మా అమ్మాయి. సంబంధం మాట ఏమైందో మేం అడగలేదు. అట్ట మాత్రం ఇంకా తిరిగి రాలేదు.